గూడ్సు డబ్బాలో అలుకు

మా అత్త పేడతో అలికినందుకే ఒక గూడ్సు డబ్బాడు బెల్లం పాడైపోయిందని బాన్సువాడ చుట్టుపక్కల ఇంకా నవ్వుతూ చెప్పుకునేవాళ్లు ఉన్నారు. మొన్న ఒక పెళ్లిలో నా పక్కన కూర్చున్న ఒకావిడ, నేనెవరో తెలియక, ఆ కథ నాకే చెప్పింది. చెబుతూనే విస్తట్లో పోలె, అదే బెల్లం బొబ్బట్టు, విరుచుకుని తింది. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. ఆ బెల్లం సంగతి నాకు తెలిసినంతగా ఇప్పుడు బతికున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, అందులో దాచుకునేదేమీ లేదు.

అప్పటికి నేను కాపురానికి వచ్చి నాలుగైదేళ్లు. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా పొలాలకు పారడం మొదలయ్యాక జొన్న చేలల్లో వరి, చెరకు వచ్చాయి. బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్లు తోలారు. మేమూ, పక్క చేలవాళ్లు అయిదిళ్లవాళ్లూ కలిసి ఒకే గానుగ పెట్టుకుని బెల్లం వండేవాళ్లం. మా మామ పోయి చాలా కాలమైంది. ఇంటికి పెద్ద మా అత్తే. ఆ గానుగకు కూడా ఆమే పెద్ద.

పెనంలో చెరకు రసం మరిగి చిక్కబడుతుంటే ఎప్పుడు దించాలో చెప్పడం ఆమె పని. చెంబులో చల్లటి నీళ్లు పోసుకుని, పాకం చుక్క అందులో వదిలి, వేళ్లతో నలిపి చూసేది. ఆమె "ఇగ దించుండ్రి" అంటే దించాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ చేసినా బెల్లం జిగురైనా అవుతుంది, మాడైనా పోతుంది. ఆమె ఉన్నన్నాళ్లు ఒక్క పెనం కూడా అట్లా పోలేదు. సీజనులో మొదటి పెనం, చేలో మొదటి విత్తనం, కొత్త కళ్లానికి మొదటి అలుకు, అన్నిటికీ ఆమెనే పిలిచేవారు. "అవ్వ చెయ్యి పడితే మంచిగుంటది" అనేవారు. ఆమెకు నగలు లేవు, మా మామ పోయాక పండగ బట్టలూ లేవు. ఉన్నదల్లా ఆ మాటే.

నాకూ ఒక గొప్ప ఉండేది. పుట్టింట్లో మా అన్న దగ్గర తెలుగు చదవడం నేర్చుకున్నాను. మా వాడకట్టులో చదవగల ఆడది నేనొక్కదాన్నే. ఎవరికి ఉత్తరం వచ్చినా మా ఇంటికే తెచ్చేవారు. చదివేటప్పుడు నా గొంతు బయటికి రాకపోయినా పెదవులు మాత్రం ఆడేవి, ఇప్పటికీ ఆడతాయి. అది చూసి మా అత్త ఆటపట్టించేది.

"సూడుండ్రి, మా కోడలు అక్షరాలను మేక లెక్క నములుతది" అనేది. అంటూనే నాకు పీట వేసి, వచ్చినవాళ్లను చప్పుడు చెయ్యొద్దని కసిరేది.

అంతకుముందు మా బెల్లం బండ్ల మీద నిజామాబాద్ దాకా పోయేది. రెండు రోజుల దారి. బోధన్‌కు రైలు వచ్చాక అది ఒక పగటి దారి అయింది. అయినా మాలాంటివాళ్లు సరుకును దళారులకు అప్పగించడమే తప్ప, రైలుకు తామే ఎక్కించింది లేదు. ఆ ఏడాది ఆరిళ్లవాళ్లూ కలిసి ఒక గూడ్సు డబ్బా మాట్లాడుకుని, హైదరాబాదు పట్నంలోని దుకాణదారుకు నేరుగా పంపుదామనుకున్నారు. బోధన్ దాకా మా బండ్లు, అక్కడి నుంచి రైలు, పట్నంలో దిగాక మళ్లీ బండ్లు. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి.

మొదటిసారి కాబట్టి మా అత్త కూడా బయలుదేరింది.

"అవ్వా, అది రైలు. మనింట్ల గుమ్మి కాదు. నువ్వెందుకు?" అన్నాడు మా ఆయన తల్లితో.

"రైలైతే ఏంది? అండ్ల పెట్టేది మన బెల్లమే గద. నా చెయ్యి పడకుంట మొదటి డబ్బా ఎట్ల పోతది?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సుత రా పిల్లా. ఆడ కాయిదాలుంటయి. సదివే మనిషి ఒకరుండాలె" అంది.

ఆ మాటకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఉన్న రెండు మంచి చీరల్లో ఒకటి తీసి కట్టుకున్నాను.

ఫాల్గుణ మాసం. తెల్లవారుజామున కట్టిన బండ్లు వర్ని, రుద్రూరు మీదుగా పొద్దుగూకే వేళకు బోధన్ చేరాయి. మర్నాడు పొద్దున స్టేషనులో సరుకులు ఎక్కించే మాల్‌గుదాం దగ్గర మాకు డబ్బా చూపించారు. యుద్ధం రోజులవి. మంచి డబ్బాలన్నీ మిలిటరీకి పోతున్నాయని, రైతులకు మిగిలినవే ఇస్తామని అక్కడి సరుకుల గుమాస్తా, గూడ్సు బాబు, ముందే చెప్పాడు. మిగిలింది ఎట్లా ఉందో తలుపు తీయగానే తెలిసింది. లోపల గాసునూనె, అంటే కిరోసిన్, కంపు. అంతకుముందు అందులో గాసునూనె డబ్బాలు పోయాయట. నేల మీది చెక్కలు నూనె తాగి నల్లగా ఉన్నాయి.

మా అత్త తల లోపలికి పెట్టి, ముక్కు మూసుకుని బయటికి తీసింది.

"బాబూ, గిండ్ల బెల్లం పెడితే బెల్లమంత నూనె వాసన పడుతది. వేరే డబ్బా ఇయ్యి" అంది.

"లడాయి నడుస్తుంది ముసల్దానా. గిదే ఎక్కువ. ఎక్కిస్తే ఎక్కించుండ్రి, లేకుంటే బండ్లు మలుపుకొని పోండ్రి" అన్నాడు గూడ్సు బాబు. ఆయన మా అత్త కొడుకు వయసువాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్త మాత్రం గిరుక్కున వెనక్కి తిరిగింది. బండ్ల దగ్గరికి పోయి ఎడ్ల పేడ ఎత్తింది. మాల్‌గుదాం వెనక ఎర్రమన్ను తవ్విన గుంట ఒకటి ఉంటే, నన్ను పంపి రెండు గంపల మన్ను తెప్పించింది. మన్ను, పేడ కలిపి పిసికి, చీర పైకి దోపుకుని, గూడ్సు డబ్బాలోకి ఎక్కింది.

మా ఇళ్లలో పంటను అలకని నేల మీద దించే అలవాటు లేదు. కళ్లం అలికాకే ధాన్యం నూరుస్తాం. గుమ్మి కింద అలికాకే గింజ పోస్తాం. గానుగ దగ్గర బెల్లం ముద్దలు ఆరబెట్టే చోటు రోజూ అలుకుతాం. తినే వస్తువు దిగబోయే చోటు శుభ్రం కావాలి, అంతే. గూడ్సు డబ్బా అయితే మాత్రం అది నేల కాకుండా పోతుందా అని ఆమె లెక్క. పైగా ఎర్రమన్ను నూనెను పీలుస్తుంది. ఆ సంగతి వంటింట్లో నూనె ఒలకబోసుకున్న ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

అక్కడున్న హమాలీలు పని ఆపి చూశారు. గూడ్సు బాబు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది గిది? సర్కారు డబ్బాల పేడ పూస్తున్నరా?"

"పూసుడు గాదు బాబూ, అలుకుతున్న. మీ గాసునూనెను నువ్వు తియ్యవైతివి, నేను తీస్తున్న" అంది ఆమె, చెయ్యి ఆపకుండానే.

హమాలీలు పకపకా నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ నవ్వును ఆయన మరిచిపోలేదని నాకు తర్వాత అర్థమైంది.

రెండు పక్కలా తలుపులు తెరిచి మిట్టమధ్యాహ్నం దాటేదాకా ఎండనిచ్చాం. ఫాల్గుణం ఎండ, పైనుంచి వేడిగాలి. ఎండిందా లేదా అని ఆమె మడమతో తొక్కి చూసింది. తర్వాత తెల్లకొంగు పరిచి, దాని మీద కూర్చుని లేచింది. కొంగుకు మరక కాలేదు. అది నేను కళ్లారా చూశాను. అప్పుడే బెల్లం సంచులు ఎక్కించమంది. ఎక్కించేముందు గుమ్మం దగ్గర సున్నంతో రెండు గీతల ముగ్గు కూడా వేసింది.

సంచులు ఎక్కాక గూడ్సు బాబు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. "డబ్బా అలికింది ఎవరు?" అని అడిగాడు.

"నేనే" అంది మా అత్త. పేరు రాసుకుంటారనుకుంది పాపం. ముఖం వెలిగిపోయింది.

"అయితే గీడ వేలిముద్ర పెట్టు."

ఆమె నా వైపు చూసింది. నేను ముందుకు వచ్చి కాగితం అందుకున్నాను. గూడ్సు బాబు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నీకు సదువొస్తదా?" అన్నాడు.

"వస్తది" అన్నాను. కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూసి తల ఊపాను. మా అత్త వేలు పెట్టింది. వేలికి అంటిన సిరాను నేనే నా కొంగుతో తుడిచాను.

డబ్బాకు తాళం వేసి, లక్క ముద్ర వేశారు. మేం ఖాళీ బండ్లతో తిరిగి వచ్చాం. దారి పొడుగునా మా అత్త పాటలు పాడింది.

రెండు మూడు రోజుల్లో పట్నం చేరాల్సిన డబ్బా పన్నెండు రోజులు చేరలేదు. నడుమ ఎక్కడో ఒక పక్క పట్టాల మీదికి తోసి, మిలిటరీ సామాను పోవడానికి దారి ఇచ్చారట. ఆ పన్నెండు రోజుల్లోనే అకాల వానలు పడ్డాయి. మా ఊళ్లో మామిడి పిందెలు రాలాయి. అప్పుడు కూడా మాకు డబ్బా గురించి బెంగ లేదు. పైన ఇనుప కప్పు ఉంది కదా అనుకున్నాం.

తర్వాత పట్నం దుకాణదారు దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. నేనే చదివాను. బెల్లం నీళ్లు కారుతోందనీ, ఆ సరుకు తాను దించుకోననీ, రైలువాళ్లను అడిగితే మీ ఆడవాళ్లు పచ్చి పేడ పూసి దాని మీద బెల్లం పెట్టారు, తప్పు మీదేనని కాగితం చూపించారనీ రాశాడు.

ఇంటి ముందు ఆరిళ్ల మగవాళ్లు నిలబడి ఉన్నారు. చదవడం ఆపేద్దామనిపించింది, కానీ అప్పటికే మాట బయటికి వచ్చేసింది. అందరూ మా అత్త చేతుల వైపు చూశారు. మా అత్తకు వరసకు మరిది అయ్యే పెద్దాయన ఒకరు మాత్రం పోతూ పోతూ, "నీ చెయ్యి మంచిదే వదినె. గని రైలుకు పనికిరాదు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనానికే నాకు కడుపు మండింది.

చెరకు ఇంకా మిగిలి ఉంది. గానుగ మళ్లీ మొదలైంది. పాకం చూడటానికి ఇంకొకావిడను పిలుచుకున్నారు. ఆమెను పిలవడానికి పోయే మనిషి మా వాకిలి ముందు నుంచే, తల వంచుకుని పోయాడు. పదేళ్లు ఈమె చేతి బెల్లం తిన్నవాళ్లు, ఒక్క కాగితం ముక్క మాట విని ఈమెను పక్కన పెట్టారు. కాగితం రాసినవాడు ఈమెను ఒక్కసారి చూశాడు. వీళ్లు రోజూ చూశారు. అయినా వాడి మాటే నిజమైంది. కొన్నాళ్లకు మా అత్తకు "పేడవ్వ" అని పేరు పెట్టారు. ఎదురుగా అనలేదు. గోడ అవతల అన్నారు, వినపడేటట్టు.

ఆమె ఒక్కమాట ఎదురు చెప్పలేదు. పొద్దున్నే లేచి వాకిలి అలికే మనిషి, అలుకుడు మానేసింది. "నువ్వే అలుకు బిడ్డా. నా చెయ్యి వద్దు" అంది. ఆ మాట నేను భరించలేకపోయాను. కొత్తకుండలో నీళ్లు కూడా నన్నే పోయమనేది. తన చేతుల్ని చీర కొంగులో చుట్టుకుని గడప మీద కూర్చునేది.

పట్నం పోదామని మా ఆయనతో పోరు పెట్టాను.

"మొగోళ్లు పొయ్యే పని. నువ్వొచ్చి ఏం జేస్తవ్?" అన్నాడు.

"అలికింది ఆడది. అలుకు ఎండిందో పచ్చిగుందో నీకేమెరుక? నువ్వెన్నడన్న అలికినవా?" అన్నాను.

ఆయన మంచివాడు. ఇద్దరికీ టికెట్లు తీశాడు.

పట్నంలో గూడ్సు యార్డు చూసి బెదిరిపోయాను. మా ఊరి లాంటి ఊళ్లు నాలుగు పడతాయి అందులో. పత్తి బేళ్లు, బొగ్గు కుప్పలు, ఉప్పు సంచులు, గుర్రపు బండ్లు, ఎడ్ల బండ్లు, రెండు మూడు లారీలు. ఒక పక్క రైలు నుంచి దించుతుంటే ఒక పక్క రైలుకు ఎక్కిస్తున్నారు. ఆ గోలలో ఎవరు ఎవరిని పట్టించుకుంటారు? మా డబ్బా ఎక్కడుందని అడిగితే ఒకరు ఇంకొకరిని చూపించారు. చివరికి పాలమూరు నుంచి వచ్చిన ముసలి హమాలీ ఒకడు, "గా బెల్లం డబ్బానా? ఈగలు ముసిరిందాడికి పోండ్రి" అని దారి చూపాడు.

నిజంగానే ఈగలు ముసిరి ఉన్నాయి. దుకాణదారు దించుకోనన్నాడని, షెడ్డులో పెట్టుకుంటే షెడ్డు పాడవుతుందని, ఆ డబ్బాను అట్లాగే ఒక మూలకు తోసి వదిలేశారు. డబ్బాలు కరువు, యుద్ధం, యుద్ధం అని మా మీద అరిచినవాళ్లు ఇట్లా ఒక డబ్బాను ఈగలకు వదిలేశారు. తలుపు సందుల నుంచి కారిన బెల్లం పట్టాల మీద నల్లగా గడ్డకట్టింది.

హమాలీ తలుపు తీసి, ఖాళీ పెట్టె ఒకటి మెట్టులా పెడితే నేను ఎక్కాను. మా ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఎక్కగానే చూశాను. కుడిపక్క సంచులన్నీ కరిగి కూలిపోయి ముద్దగా అంటుకుని ఉన్నాయి. ఎడమపక్క సంచులు మేం పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. అలుకు అంతటా ఒకటే కదా. మా అత్త ఏ మూలా వదలలేదు. అలుకు వల్ల కరిగితే రెండు పక్కలా కరగాలి.

"తాతా, రెండు తలుపులు పెట్టెయ్యి" అన్నాను హమాలీతో.

"లోపల నువ్వుండంగనా బిడ్డా?"

"పెట్టు."

తలుపులు మూసుకున్నాయి. లోపల చీకటైంది. తల ఎత్తి చూస్తే కుడిపక్క కప్పులో ఎండ కనపడింది. తుప్పు పట్టిన కన్నాలు, ఒకటి కాదు, జల్లెడలా ఉన్నాయి. ఎడమపక్క ఒక్కటి కూడా లేదు. నేను ఆ ఈగల నడుమ, ఆ పులిసిన వాసనలో నిలబడి ఏడ్చాను. దుఃఖం కాదది. ఒక వారం కాదు, రెండు నెలలుగా ఒక మనిషి తన చేతుల్ని కొంగులో చుట్టుకుని కూర్చుంది, ఈ కన్నాల కోసం.

మా ఆయన, హమాలీ ఎక్కి చూశారు. ఎడమపక్క అడుగు సంచిని ఒకదాన్ని మా ఆయన లాగి తిరగేశాడు. సంచి అడుగున ఎండిన అలుకు పెళ్లగా అంటుకుని వచ్చింది. అర్ధచంద్రాల్లా తిరిగిన వేళ్ల చాళ్లు అందులో అట్లాగే ఉన్నాయి. అది మా అత్త చెయ్యి. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఆ సంచిలో బెల్లం రాయిలా గట్టిగా ఉంది. గాసునూనె వాసన కూడా లేదు.

అక్కడి అధికారిని పిలుచుకొచ్చాం. ఆయన తెలుగువాడే. కప్పు కేసి చూశాడు, సంచి కేసి చూశాడు. చూసి, "నిజమే" అన్నాడు. నేను దేవుడికి దండం పెట్టుకోబోతుంటే మళ్లీ అన్నాడు, "గని కాయిదం ఉన్నది గద."

"ఏం కాయిదం?"

"మీ ముసలామె వేలిముద్ర పెట్టిన కాయిదం."

ఫైలులోంచి తీసి, తెలుగులో అర్థం చెప్పాడు. సరుకు పంపేవాళ్లు తమ ఇష్టం మీద డబ్బా నేలను తడిపారు. సరుకు ఎట్లా చెడినా దానికి తమదే బాధ్యత, రైలువాళ్లది కాదు. ఇది చదివించుకుని, ఒప్పుకుని వేలిముద్ర పెట్టడమైనది.

"సదివించుకొని అని రాసి ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది. సదివింది ఎవరు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను రైలు పట్టాల వైపు చూశాను.

ఇప్పుడు చెప్పాలి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగు తప్ప ఒక్క అక్షరం రాదు. గూడ్సు బాబు నన్ను కిందినుంచి పైదాకా చూసినప్పుడు, హమాలీలు, ఆరిళ్ల మగవాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నప్పుడు, ఇది నాకు రాదు, మీరే చదివి చెప్పండి అనడానికి నాకు నోరు రాలేదు. మంచి చీర కట్టుకుని వచ్చాను కదా చదివే మనిషినని. చూసి తల ఊపాను. అందరి మీదా మండిపడుతున్న నేను, అసలు మంట ఎక్కడుందో అప్పటిదాకా తడిమి చూసుకోలేదు. ఆ గూడ్సు బాబును నేను ఈ రోజుకీ క్షమించలేదు. ఆ భాషలో రాసి, చదువు రానివాళ్ల వేలు పట్టి ముద్ర వేయించుకునే పద్ధతిని ఎవరు కనిపెట్టారో వాళ్లనూ క్షమించను. కానీ ఆ పద్ధతికి ఆ రోజు చెయ్యందించింది నేను.

రైలువాళ్లు పైసా ఇవ్వలేదు. మిగిలిన ఎడమపక్క బెల్లాన్ని దుకాణదారు దించుకున్నాడు. అలుకు పెళ్ల అంటుకున్న ఆ గోనెసంచిని మాత్రం ఖాళీ చేయించి, జాగ్రత్తగా మడిచి, ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

గానుగ దగ్గర ఆరిళ్లవాళ్లనూ పిలిచి సంచి పరిచాను. కప్పు సంగతి మా ఆయన చెప్పాడు. అందరూ వంగి వంగి చూశారు. కొందరు వేలితో తట్టి చూశారు. మెత్తగా మాట్లాడిన ఆ మరిది, "మేమేమన్నమే? వదినె చేతికి వంకెవడు పెట్టిండు?" అన్నాడు. మిగతావాళ్లు కూడా అదే పాట. పేడవ్వ అన్న మాట పుట్టించింది ఏ దేశంవాళ్లో మరి! మర్నాటి పెనానికి అవ్వనే రమ్మని చెప్పి పంపారు. సిగ్గనేది లేకుండా పంపారు.

మా అత్త పోలేదు. సంచిని ఒకసారి తడిమి చూసి, మడిచి అటక మీద పెట్టమంది. మర్నాడు పొద్దున నేనే వాకిలి అలుకుతున్నాను. ఆమె గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. ఊరు ఒప్పుకున్నా ఈమె చెయ్యి కదలడం లేదంటే, మిగిలిన ముల్లు ఏదో నాకు తెలుసు. చేతులకు పేడ ఉండగానే ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాను.

"అత్తమ్మా, గా కాయిదం నేను సదవలేదు. అది ఇంగిలీసు. సదివినట్టు జేసిన" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"నాకెరుకే" అంది.

"ఎట్లెరుక?"

"నీ పెదవులు ఆడలేదు గద."

అక్కడే కూలబడ్డాను. రెండు నెలలు ఊరంతా పేడవ్వ అంటుంటే, మా కోడలు చదవకుండానే తల ఊపింది అని ఒక్కమాట అని ఉంటే చాలు, నిందంతా నా మీదికి తిరిగేది. ఆ ఒక్కమాట ఆమె ఇంట్లో కూడా అనలేదు. కొడుకుతో కూడా అనలేదు.

"తెలిసి ఎందుకు పెట్టినవ్ మరి వేలు?" అన్నాను. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

"పెట్టకుంటె? నా కోడలికి సదువు రాదని గా బాబు నోట, గంతమంది మొగోళ్ల ముంగట అనిపియ్యమంటవా?"

చాట పక్కన పెట్టింది. కొంగు విదిలించి, దోపుకుని, నేను అలికిన చోటు కేసి చూసి మూతి విరిచింది.

"లే. అన్నీ చారలు చారలుగ చేసినవ్. పేడ గిన్నె ఇటియ్యి" అంది.